క్రిములు కాపురం పెట్టేది తడి ఆరని చోటే

మీరు అడిగింది ఇదీ: రోజూ ఇల్లంతా క్రిమినాశినితో తుడుస్తున్నారు, టాయిలెట్ తళతళలాడుతోంది, అయినా వంటింట్లో ముక్కిన వాసన పోవడం లేదు, పిల్లలకి తరచూ కడుపు పాడవుతోంది. క్రిములు అసలు ఎక్కడ చేరతాయి, దేన్ని ఎన్నాళ్లకోసారి శుభ్రం చెయ్యాలి అని. ఆహార పరీక్షల ల్యాబులో సూక్ష్మజీవుల విభాగంలో చాలాకాలం పనిచేసినదాన్ని, కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను. అంతకంటే ముందు ఒక మాట. పిల్లలకి విరేచనాల్లో రక్తం కనపడినా, జ్వరం దిగకపోయినా, నాలిక ఎండిపోయి మూత్రం తగ్గినా డాక్టరుకి చూపించండి. ఇల్లు ఎంత కడిగినా దానికి అది వైద్యం కాదు.

ఇక అసలు విషయం. మీరు మురికి కనపడే చోట వెతుకుతున్నారు, నేనైతే తడి కోసం వెతుకుతాను. బ్యాక్టీరియా పెరగాలంటే నీరు, తిండి, కాస్త వెచ్చదనం కావాలి. మూడూ దొరికితే ఈ.కోలై లాంటిది దాదాపు 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. ఆ లెక్కన రాత్రి పడుకునేటప్పుడు ఒక్కటి ఉంటే ఎనిమిది గంటల తర్వాత 1 కోటి 67 లక్షలు. నిజానికి వంటింట్లో ఇంత సాఫీగా జరగదు, మధ్యలో తిండి అయిపోతుంది, చల్లబడుతుంది. కానీ నీళ్లు లేకపోతే ఈ లెక్క మొదలే కాదు. ఆరిన నేల మీదో గోడ మీదో పడిన బ్యాక్టీరియా పిల్లల్ని పెట్టదు. కొన్నాళ్లు పడి ఉండి, చాలామటుకు చచ్చిపోతుంది.

అందుకే ఏ వస్తువునైనా చూసి నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. ఇది రోజులో ఎప్పుడైనా పూర్తిగా ఆరుతుందా? దీన్ని తాకిన చెయ్యి గానీ గిన్నె గానీ నేరుగా నోటికో తిండికో వెళ్తుందా? ఆరదు, పైగా నోటికి వెళ్తుంది అంటే మీ కష్టమంతా అక్కడ పెట్టండి. రెండూ కాకపోతే మామూలుగా ఊడ్చి తుడిస్తే చాలు.

ఈ రెండు ప్రశ్నలూ వేస్తే టాయిలెట్ సీటు జాబితాలో చాలా కిందికి పోతుంది. అది నున్నగా ఉంటుంది, త్వరగా ఆరిపోతుంది, అందరూ దాన్నే తోముతారు. 'మీ ఫోను టాయిలెట్ సీటు కన్నా మురికి' అని వచ్చే వార్తలు చూసి కంగారు పడకండి, సీటు కన్నా మురికిగా ఉండటం పెద్ద ఘనకార్యమేం కాదు. 2011లో అమెరికాలోని ఎన్‌ఎస్‌ఎఫ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 22 ఇళ్లలో 30 రకాల వస్తువుల నుంచి నమూనాలు తీసింది. మలం ద్వారా కూడా వచ్చే కోలిఫామ్ బ్యాక్టీరియా అన్నిటికంటే ఎక్కువగా దొరికింది గిన్నెలు తోమే స్పాంజిల్లో, గుడ్డల్లో. నాలుగింట మూడు వంతులకు పైగా వాటిలో ఉంది. తర్వాత వంటింటి సింకు. టూత్ బ్రష్షులు పెట్టుకునే గ్లాసు, కటింగ్ బోర్డు కూడా ఆ వరసలోనే వచ్చాయి.

స్పాంజి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ ముక్కిన వాసన సగం అక్కడిదే అని నా అనుమానం. స్పాంజి లోపల అన్నీ గదులే. ప్రతి గదిలో నీళ్లు, మెతుకు ముక్క, నూనె జిడ్డు. పైపైన ఆరినట్టున్నా మధ్యలో తడి అలాగే ఉంటుంది. 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు ఇళ్లలో వాడేసిన 14 స్పాంజిలు తీసుకుని చూస్తే, బాగా పట్టిన చోట ఒక్క ఘన సెంటీమీటరులో 5,400 కోట్ల దాకా బ్యాక్టీరియా కణాలు కనిపించాయి. చాలామటుకు మనల్ని ఏమీ చెయ్యనివే. కానీ ఎక్కువగా దొరికినవాటిలో మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనేది ఉంది. సరిగ్గా ఆరని బట్టలకి వచ్చే పులిసిన వాసన చాలావరకు దీని పుణ్యమే. స్పాంజి పిండి వాసన చూడండి, తర్వాత సింకు పక్కన వేలాడే గుడ్డ వాసన చూడండి, ఒకే వాసన వస్తే దొంగ దొరికినట్టే.

మైక్రోవేవ్‌లో పెడితే పోతాయా అని అందరూ అడుగుతారు. పోతాయి, ఆ పూటకి. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు తడి స్పాంజిని ఒక నిమిషం మైక్రోవేవ్ చేస్తే దాదాపు అన్నీ చచ్చాయి. కానీ పైన చెప్పిన జర్మన్ పరిశీలనలో, క్రమం తప్పకుండా వేడి చేసే ఇళ్ల స్పాంజిల్లో కూడా బ్యాక్టీరియా తక్కువేమీ లేదు. బతికిన కొద్దిపాటివి మళ్లీ పెరుగుతాయి, పైగా పోటీ ఉండదు. కాబట్టి వారానికి ఒకటి మార్చెయ్యండి, అదే సులువు. మైక్రోవేవ్ చేస్తే మాత్రం బాగా తడిపి పెట్టండి, పొడిది నిప్పంటుకుంటుంది. లోహపు పీచు ఉన్నది అసలే పెట్టకూడదు.

నన్నడిగితే స్పాంజి మానేసి పిడి ఉన్న బ్రష్ వాడమంటాను. నార్వేలోని నోఫిమా అనే ఆహార పరిశోధన సంస్థ వాళ్లు రెండిట్లోనూ కడుపు పాడుచేసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వేసి చూశారు. బ్రష్ వాడకానికీ వాడకానికీ మధ్య ఆరిపోవడంతో అందులో చచ్చిపోయింది, తడి స్పాంజిలో బతికే ఉంది. కొత్త మందేమీ లేదు అందులో, గాలి తగలడమే.

గుడ్డల సంగతి కూడా అంతే, కాకపోతే ఇక్కడ అలవాటు ఇంకా చెడ్డది. చేతులు తుడుచుకునేదీ, గట్టు తుడిచేదీ, కడిగిన కంచాలు తుడిచేదీ ఒకటే గుడ్డ. పచ్చి మాంసం నీళ్లు గట్టు మీద పడితే దానితోనే తుడిచి, అదే గుడ్డతో కంచం తుడిస్తే మధ్యలో మీరు వాడిన క్రిమినాశిని అంతా వృథా. మాంసం నీళ్లు తుడవడానికి కాగితపు రుమాలు వాడి పారెయ్యండి. చేతులకి ఒకటి, గిన్నెలకి ఒకటి వేరే రంగులో పెట్టుకోండి. మసిగుడ్డను కూడా లెక్కలోకి తీసుకోండి, దాన్ని ఎవరూ గుడ్డ కింద చూడరు. రోజూ మార్చి, వేడి నీళ్లతో ఉతికి, విప్పి పరిచి ఆరేస్తే చాలు. ఉండచుట్టి కుళాయి మీద వేస్తే ఉతికి కూడా లాభం లేదు.

సింకులో జాలీ కింద ఉండే రబ్బరు అంచు ఎప్పుడైనా తిప్పి చూశారా? గోటితో గీకితే బూడిదరంగు జిగురు వస్తుంది. ఆ పాకుడునే మేం బయోఫిల్మ్ అంటాం. బ్యాక్టీరియా తమ చుట్టూ తామే జిగురు స్రవించి, దాని కింద గొడుగు పట్టుకున్నట్టు కూర్చుంటాయి. పైన బ్లీచు పోస్తే పై పొర చస్తుంది, కింద ఉన్నవి రేపటికి మళ్లీ పెరుగుతాయి. ఈ పొరని రుద్ది ఊడదీస్తే తప్ప ఏ మందూ పనిచెయ్యదు. పాత టూత్ బ్రష్ ఒకటి దీనికే పెట్టుకుని, సబ్బుతో వారానికి రెండుసార్లు జాలీ, రబ్బరు, నీళ్లు పోయే దారి మూతి రుద్దండి. స్పాంజి, గుడ్డ మార్చాక కూడా వాసన ఉంటే అది నూటికి తొంభైపాళ్లు ఇక్కడిదే. అదీ కాకపోతే సింకు కింద పైపు వంపు దగ్గర నీళ్లు కారి అలమర చెక్క నానుతోందేమో లైటు వేసి చూడండి.

పచ్చి కోడిమాంసం కుళాయి కింద కడిగే అలవాటు ఉంటే మానెయ్యమని చెప్తే చాలామందికి కోపం వస్తుంది. కడగడం వల్ల మాంసం శుభ్రపడదు, సింకు పాడవుతుంది. 2019లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన పరిశీలనలో, కోడిమాంసం కడిగినవాళ్లలో 60 శాతం మంది సింకులో తర్వాత మాంసం మీది బ్యాక్టీరియా దొరికింది. సింకు శుభ్రం చేశామనుకున్నాక కూడా 14 శాతం మంది సింకుల్లో మిగిలే ఉంది. 26 శాతం మంది అదే పూట తయారుచేసిన పచ్చి కూరముక్కల్లోకి కూడా చేర్చేశారు. మాంసంలోని బ్యాక్టీరియాని చంపేది వేడి. లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలు. కడగకుండా ఉండలేం అంటే, కనీసం పచ్చిగా తినేవన్నీ ముందు తరిగి పక్కన పెట్టేసుకుని మాంసం ఆఖర్న పట్టుకోండి. కుళాయి ధార సన్నగా ఉంచండి. అయిపోయాక సింకు, కుళాయి పిడి, చుట్టుపక్కల గట్టు సబ్బుతో తోమి, ఆ తర్వాతే క్రిమినాశిని రాయండి. కుళాయి పిడిని మర్చిపోకండి, మాంసం చేతులతో తిప్పింది దాన్నే.

కటింగ్ బోర్డు చెక్కదా ప్లాస్టిక్‌దా అనే తగువు పాతదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో, చెక్కలోకి ఇంకిన బ్యాక్టీరియా లోపలే ఎండి చచ్చిపోతోందనీ, కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్ బోర్డును శుభ్రం చెయ్యడమే కష్టమనీ తేలింది. నా ఉద్దేశంలో ఏదైనా ఫర్వాలేదు, రెండు ఉండటం ముఖ్యం: ఒకటి పచ్చి మాంసానికి, ఒకటి మిగతావాటికి. కడిగి నిలబెట్టి ఆరబెట్టండి. గోరు ఆనేంత లోతు గాట్లు పడ్డాక పారెయ్యండి.

ఫ్రిజ్ క్రిముల్ని చంపదు, నెమ్మదింపజేస్తుందంతే. 4 డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉండేలా చూసుకోండి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఆ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతుంది, గర్భిణులకు అది ప్రమాదం. పచ్చి మాంసం మూతపెట్టి అట్టడుగు అరలో ఉంచితే కారినా కింద పడేది తిండి మీద కాదు. కూరగాయల సొరుగు అడుగున చేరే నీళ్లు వారానికోసారి తుడిచెయ్యండి.

పిల్లల కడుపు విషయంలో నేను అన్నిటికంటే ముందు చూసేది నీళ్ల సీసా మూత. పైనుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. మూత లోపల చుట్టూ ఉండే రబ్బరు రింగును చెంచా కాడతో పైకి లేపండి. దాని కింద గాడిలో నల్లటి గీతో, గోధుమరంగు జిగురో ఉంటుంది. స్ట్రా ఉన్న సీసా అయితే స్ట్రా లోపల కూడా. ల్యాబులో అలాంటి రింగు మీద దూదిపుల్ల ఒక్కసారి తిప్పి పోషకాల పళ్లెం మీద గీసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే, పొద్దున్నకి బ్యాక్టీరియా గుంపులు విడివిడి చుక్కలుగా కూడా ఉండవు, పళ్లెం నిండా ఒకటే తెల్లటి పొర. దీనివల్లే పిల్లలకి జబ్బు చేసిందని చెప్పలేం, ఎందుకంటే అందులో పెరిగేవి చాలావరకు వాళ్ల నోటిలోవే. కానీ తీపి పానీయాలు, పాలు పోసే సీసా అయితే కథ వేరు. రోజూ రింగు ఊడదీసి, సబ్బు నీళ్లతో సన్న బ్రష్ పెట్టి తోమి, మూత బిగించకుండా బోర్లించి ఆరనివ్వాలి. మూత బిగించి దాస్తే మళ్లీ మొదటికే.

బాత్రూములో గచ్చు అంచుల్లో, సబ్బు పెట్టె కింద గులాబీరంగు జిగురు కనపడుతుందే, అది తుప్పు కాదు. చాలాసార్లు సెర్రాషియా మార్సెసెన్స్ అనే బ్యాక్టీరియా. సబ్బు, షాంపూల జిడ్డు దానికి తిండి. ఆరోగ్యవంతుల్ని ఏమీ చెయ్యదు గానీ కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు, ఒంట్లో శక్తి తగ్గినవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. రుద్ది కడిగి, స్నానాలయ్యాక గోడల నీళ్లు కిందికి లాగేసి, గాలి ఆడనిస్తే తిరిగి రావడం బాగా తగ్గుతుంది. టూత్ బ్రష్షుల గ్లాసు అడుగున చేరే తెల్లటి గుజ్జు కూడా వారానికోసారి కడగండి.

టాయిలెట్ ఫ్లష్ చేసేటప్పుడు మూత వెయ్యాలా వద్దా? 2022లో కొలరాడో విశ్వవిద్యాలయం ఇంజనీర్లు లేజరు వెలుగులో మూత లేని టాయిలెట్‌ను ఫ్లష్ చేసి చూపించారు. తుంపరలు 8 సెకన్లలో ఒకటిన్నర మీటర్ల ఎత్తుకి లేచాయి. మూత వేస్తే పెద్ద చుక్కలు ఆగుతాయి, సన్నవి సందుల్లోంచి ఎలాగూ వస్తాయి. మూత వెయ్యండి, కానీ బ్రష్షులు ఎదురుగా అరలో పెట్టుకుని మూతని నమ్ముకోకండి.

షవర్ సంగతి ఒక్కమాటలో: కొన్నాళ్లు ఇల్లు తాళం వేసి ఊరెళ్లి వస్తే, స్నానానికి ముందు నీళ్లు కొన్ని నిమిషాలు వదిలెయ్యండి, ఆ తుంపర పీల్చకుండా పక్కకి ఉండండి. లెజియోనెల్లా అనే బ్యాక్టీరియాకి నిలవ ఉన్న గోరువెచ్చటి నీళ్లంటే ప్రీతి, అది ఊపిరితిత్తుల్లోకి తుంపరతోనే వెళ్తుంది.

వాషింగ్ మెషిన్ ముందు తలుపు రకమైతే ఆ తలుపు రబ్బరు మడత లోపల వేలు పెట్టి తుడిచి చూడండి, ఏం చెయ్యాలో నేను చెప్పక్కర్లేదు. ఉతికాక తలుపు, సబ్బు సొరుగు తెరిచి ఉంచండి. ఎప్పుడూ చల్లటి నీళ్లతోనే ఉతికేవాళ్లు నెలకోసారి ఖాళీ మెషిన్‌ను 60 డిగ్రీలు లేదా అంతకు మించిన వేడితో తిప్పాలి.

ఫోను, రిమోటు, స్విచ్చులు, తలుపు గడియలు పొడిగా ఉంటాయి, క్రిములు అక్కడ పెరగవు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారతాయంతే. అందుకని మామూలు రోజుల్లో వాటి వెంట పడటం కన్నా చేతులు కడుక్కోవడం మేలు: టాయిలెట్ నుంచి వచ్చాక, మాంసం పట్టుకున్నాక, తినేముందు, వండేముందు, సబ్బుతో 20 సెకన్లు. తర్వాత ఆరబెట్టుకోండి, తడి చెయ్యి పొడి చేతి కన్నా ఎక్కువ క్రిముల్ని అంటిస్తుంది. 'యాంటీ బ్యాక్టీరియల్' సబ్బుకి ఎక్కువ డబ్బు పెట్టకండి. మామూలు సబ్బు కన్నా అవి మెరుగని తయారీదారులు రుజువు చూపలేకపోవడంతో, ట్రైక్లోసాన్ సహా 19 రసాయనాలను అలాంటి సబ్బుల్లో వాడకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో తీర్మానించింది.

ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం లెక్క మారిపోతుంది. నోరోవైరస్ అయితే వందలోపు కణాలు చాలు అంటుకోవడానికి. తగ్గాక కూడా రెండు వారాలో, ఇంకా ఎక్కువో మలంలో వస్తూనే ఉంటుంది. చేతులకి రాసుకునే శానిటైజర్ దీని మీద సరిగ్గా పనిచెయ్యదు, చేతులకి సబ్బు నీళ్లే గతి. పిల్లలకి ఒకరి తర్వాత ఒకరికి వస్తుంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. జబ్బు పడినవాళ్లు తగ్గిన తర్వాత కనీసం రెండు రోజులు వంట జోలికి పోకూడదు. ఆ రోజుల్లో గడియలు, ఫ్లష్ మీట, కుళాయి పిడి, స్విచ్చులు బ్లీచు నీళ్లతో తుడవాలి. వాంతి పడిన చోట తొడుగులు వేసుకుని ముందు కాగితంతో ఎత్తేసి, సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచు నీళ్లు పోసి కనీసం 5 నిమిషాలు వదిలెయ్యాలి.

బ్లీచు నీళ్ల కొలత చాలామందికి తెలియదు, చేతికొచ్చినంత పోస్తారు. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5 నుంచి 9 శాతం అని ఉంటే, లీటరు నీళ్లకి 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు చిన్న చెంచాలు. కటింగ్ బోర్డు లాంటి తిండి తగిలే వాటికి 4 మిల్లీలీటర్లు చాలు, ఆ తర్వాత మంచినీళ్లతో కడిగెయ్యాలి. చల్లటి నీళ్లతోనే, ఏ రోజుకారోజు కలుపుకోండి, నిలవైతే బలం పోతుంది. జిడ్డు మీద పోస్తే బ్లీచు ఆ జిడ్డుతోనే ఖర్చైపోతుంది, కాబట్టి సబ్బు ముందు, బ్లీచు తర్వాత. రాసిన వెంటనే తుడిచెయ్యకండి. మీరు రోజూ తుడుస్తున్న క్రిమినాశిని అట్ట మీద కూడా ఎంతసేపు తడిగా ఉండాలో రాసి ఉంటుంది, ఒకసారి చదవండి. రాసి వెంటనే తుడిస్తే మీరు ఇల్లంతా పూస్తున్నది వాసనే.

వెనిగర్‌తో, యాసిడ్‌తో, అమ్మోనియా ఉన్న దేనితోనూ బ్లీచు కలపొద్దు. విషవాయువు వస్తుంది, చిన్న బాత్రూములో తలుపేసుకుని ఈ పని చేసి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. వెనిగర్ ఉప్పుపొర వదిలించడానికి బాగుంటుంది, క్రిమినాశినిగా దాన్ని నమ్మొద్దు.

ఎన్నాళ్లకోసారి అని అడిగారు కదా. గుడ్డలు, సీసా మూతలు, సింకు రోజూ. సింకు జాలీ, రబ్బరు మాత్రం వారానికి రెండుసార్లు. స్పాంజి వారానికి కొత్తది. ఫ్రిజ్ సొరుగు, బ్రష్షుల గ్లాసు, టాయిలెట్ వారానికోసారి. మెషిన్ నెలకోసారి. మీరు రోజూ క్రిమినాశినితో తుడిచే నేల, గోడలు, అల్మారా తలుపులు ఇకనుంచి వదిలెయ్యొచ్చు, ఆ సమయం సింకుకి ఇవ్వండి. నేలకి వారానికి రెండుసార్లు మామూలు సబ్బు నీళ్లు చాలు. పాకే పసిపిల్ల ఉంటే మాత్రం రోజూ తుడవండి, అదీ క్రిమినాశిని లేకుండా, ఎందుకంటే నేల మీద మిగిలిన మందు కూడా ఆ చేతులతోనే నోట్లోకి వెళ్తుంది.